మారీచుని గొంతు: ఫోను మోసముల చరిత్ర

రామాయణములోని మాయలేడి కథ ఎఱుగని తెలుగువారుండరు. సీతను మురిపించినది లేడి రూపమే కాని, ఆమెకు ఆపద తెచ్చినది ఆ రూపము కాదు, గొంతు. బాణము తగిలి నేలకొఱగుచు మారీచుడు శ్రీరాముని కంఠస్వరముతో సీతాలక్ష్మణులను పిలిచెను. అన్నగారికి ఆపద రాదని లక్ష్మణుడు ఎంత చెప్పినను సీత వినలేదు. తత్తరపడెను, తోడుగా నున్న ఒక్క మనిషిని దూరముగా పంపెను, ఒంటరియైన పిదప సన్న్యాసి వేషముతో వచ్చిన రావణుని అతిథిగా మన్నించెను. నమ్మదగిన వాని గొంతు, తొందర, ఏకాంతము, గౌరవింపదగిన వేషము - ఈ నాలుగును ఒకదాని వెంట ఒకటి వచ్చినవి. నేటి ఫోను మోసగాండ్రు పన్ను పన్నుగడ యందును ఈ నాలుగే కలవు. కొత్తగా చేరినది యంత్రసాధనము మాత్రమే.

ఆ సాధనము మారుచు వచ్చిన క్రమమును పరిశీలించినచో ఒక విషయము స్పష్టమగును. మొదట పిలుపునకు సాక్షిగా ఒక మనిషి యుండెను. తరువాత ఒక తీగ మిగిలెను. ఇంటర్నెట్టు వచ్చిన పిదప ఆ తీగయు లేకపోయెను. సాక్షి తొలగిన కొలది మోసగానికి వెసులుబాటు పెరిగెను. పోయిన సాక్ష్యమును చట్టముల చేతను, యంత్రముల చేతను తిరిగి నిలబెట్టుటకు జరుగుచున్న ప్రయత్నమే ఈ కథలో నేటి ఘట్టము. మోసగాండ్రు ధరించు వేషము తఱచుగా కేంద్ర ప్రభుత్వ కార్యాలయములదే కావున, ఆ కార్యాలయములలో పనిచేయువారికిని, వారి కుటుంబములకును ఈ చరిత్ర తెలిసియుండుట అవసరము.

ఆపరేటరు కాలము

అమెరికాలో అలెగ్జాండరు గ్రాహంబెల్ టెలిఫోనుకు పేటెంటు పొందినది 1876లో. ఆఱేండ్లు గడవకముందే, 1882 జనవరి 28న, కలకత్తా, బొంబాయి, మద్రాసు నగరములలో టెలిఫోను ఎక్స్ఛేంజీలు ప్రారంభమయ్యెను. ఆ దినములలో ఫోను చేయుట యనగా ముందుగా ఎక్స్ఛేంజీలోని ఆపరేటరుతో మాటాడుట. ఆపరేటరు కోరిన నంబరునకు తీగ కలుపును. దూరప్రాంతమునకు చేయు ట్రంకు కాలైనచో ఏ నంబరు నుండి ఏ ఊరికి మాటాడగోరినారో ఒక చీటిపై వ్రాసికొని, వంతు వచ్చినప్పుడు పిలుచును. గంటల తరబడి వేచియుండుట విసుగు పుట్టించు మాట నిజమే. కాని ప్రతి పిలుపునకును దాని పుట్టినచోటు తెలిసిన మనిషి యొకరుండిరి.

ఈ మనిషిని తొలగించిన యంత్రము మోసమును గూర్చిన అనుమానము నుండియే పుట్టినదని చెప్పుదురు. అమెరికాలోని కాన్సస్ సిటీలో ఆల్మన్ స్ట్రౌజరు అంత్యక్రియల ఏర్పాట్లు చేయు వ్యాపారి. తనకు రావలసిన పిలుపులను ఆపరేటరు పోటీదారునకు మళ్ళించుచున్నదని అనుమానించి, మనిషితో పనిలేకుండ తీగలను కలుపు స్వయంచాలక ఎక్స్ఛేంజీని ఆయన కనిపెట్టెనని ప్రసిద్ధి. 1891లో దానికి పేటెంటు లభించెను. మన దేశములో తొలి స్వయంచాలక ఎక్స్ఛేంజీ 1913-14లో సిమ్లాలో 700 లైన్లతో నెలకొన్నది. 1960లో కాన్పూరు, లక్నో నగరముల నడుమ ఆపరేటరు సాయము లేకుండ నేరుగా మాటాడు ఎస్.టి.డి. సౌకర్యము కలిగెను. సౌకర్యము పెరిగెను, మానవసాక్షి తప్పుకొనెను. అయినను తీగ యొకటి మిగిలెను. ప్రతి ఫోనును ఒక ఇంటికో, ఒక కార్యాలయమునకో తీగచే కట్టుబడి యుండుట వలన, పిలుపు పుట్టినచోటును వెదకి పట్టుకొనుటకు వీలుండెను. వినుచున్నవానికి మాత్రము ఆ క్షణమున గొంతు తప్ప వేఱొక ఆధారము లేదు.

అరువది లక్షల పిలుపు

గొంతు ఒక్కటే ఆధారమైనప్పుడు ఏమి జరుగగలదో 1971 మే 24న ఢిల్లీలో తేలినది. పార్లమెంటు వీథిలోని స్టేట్ బ్యాంకు శాఖలో ప్రధాన కోశాధికారిగా నున్న వేదప్రకాశ్ మల్హోత్రాకు ఆ దినమున ఒక ఫోను వచ్చెను. మొదట మాటాడినవారు ప్రధానమంత్రి కార్యదర్శి పి.ఎన్. హక్సరు అనియు, తరువాత మాటాడినవారు స్వయముగా ప్రధానమంత్రి ఇందిరాగాంధీ అనియు ఆయన నమ్మెను. బంగ్లాదేశమునకు సంబంధించిన రహస్యకార్యమునకై అరువది లక్షల రూపాయలు తక్షణమే కావలెననియు, సంకేతపదము చెప్పిన వ్యక్తికి వానిని అందజేయవలెననియు ఆ గొంతు ఆదేశించెను. తూర్పు బెంగాలు నుండి కాందిశీకులు లక్షల కొలది వచ్చుచున్న దినములవి. దేశము కొఱకన్న మాట అసంభవముగా తోచలేదు. మల్హోత్రా పైకమును బ్యాంకు కారులో తీసికొనిపోయి, చెప్పినచోట వేచియున్న వ్యక్తికి అప్పగించెను. అటుపిమ్మట రసీదు కొఱకు పోయి విచారింపగా, అట్టి పిలుపేదియు చేయలేదని హక్సరు చెప్పెను. ఆ రాత్రికే పోలీసులు రుస్తుం సొహ్రాబ్ నగర్వాలా అను మాజీ సైనికాధికారిని పట్టుకొని, పైకములో చాల భాగమును రాబట్టిరి. గొంతులను తానే అనుకరించితినని అతడు ఒప్పుకొనెను. కొలది దినములలోనే శిక్ష పడెను. 1972 మార్చిలో, నిర్బంధములో నుండగనే, అతడు మరణించెను.

ఈ వ్యవహారమును విచారించుటకు 1977లో జస్టిస్ పి. జగన్మోహనరెడ్డి గారిని విచారణ సంఘముగా నియమించిరి. హైదరాబాదువారైన ఆయన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిగాను, తరువాత సుప్రీంకోర్టు న్యాయమూర్తిగాను పనిచేసిన తెలుగు ప్రముఖులు. 1978లో నివేదిక సమర్పింపబడినను, ఈ ఉదంతమును గూర్చిన సందేహములన్నియు తీరలేదు. ఆ చర్చ ఎట్లున్నను, ఇందొక నీతి మాత్రము నిలిచియున్నది. మల్హోత్రా విచారించుకొనకపోలేదు, విచారించుకొనెను, కాని పైకము చేయిదాటిన పిమ్మట. ఆ ఫోను పెట్టివేసి, బ్యాంకులోని పై యధికారితో ఒక మాట చెప్పి, తనకు తెలిసిన నంబరునకు తానుగా ఫోను చేసియున్నచో కథ అక్కడనే ముగిసెడిది. ఏబదియేండ్ల తరువాతి మోసములకును మందు ఇదియే.

తీగ లేని గొంతు

గొంతును కంప్యూటరు జాలము మీద పంపు ప్రయోగములు 1974 నాటికే అమెరికాలో ఫలించినవి. మాటను అంకెలుగా మార్చి, చిన్న చిన్న ప్యాకెట్లుగా విడగొట్టి పంపగా, అవతలి కంప్యూటరు వానిని మరల కూర్చి వినిపించును. 1995లో ఇజ్రాయేలుకు చెందిన వోకల్‌టెక్ సంస్థ ఈ విధానమును సామాన్యులకు అందించు సాఫ్టువేరును అమ్మకమునకు పెట్టెను. అదే యేడు ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ మన దేశములో ప్రజలకు ఇంటర్నెట్టును అందించెను. 2002 ఏప్రిలు 1 నుండి ఇంటర్నెట్టు ద్వారా మాటాడుటకు ప్రభుత్వము పరిమితముగా అనుమతించెను. 2003లో స్కైప్ వచ్చెను. 2025 మే నెలలో అది మూతపడినది. వాట్సాప్‌లో 2015లో మాటయు, 2016లో ముఖము చూచుచు మాటాడు వసతియు చేరినవి.

ఈ సాధనము వలన కలిగిన మేలును తక్కువగా చూడరాదు. ఉద్యోగరీత్యా స్వస్థలమును విడిచి ఢిల్లీలోనో, నాగపూరులోనో, గౌహతిలోనో కాపురమున్న తెలుగు కుటుంబములు ఒకప్పుడు రాత్రి చవుకరేటు వేళ కొఱకు ఎస్.టి.డి. బూతు ముందు వరుసలో నిలిచి, తిరుగుచున్న మీటరును చూచుచు, క్షేమసమాచారములను నాలుగు ముక్కలలో ముగించుచుండిరి. నేడు తెనాలిలోని అమ్మమ్మ డల్లాసులోని మనుమరాలి ముఖము చూచుచు తనివితీర మాటాడుచున్నది. ప్రవాసుల జీవితములో ఇంతటి మార్పు తెచ్చిన వస్తువు మఱియొకటి లేదు. కావున దీనిని త్యజించుట మార్గము కాదు. దీని స్వభావమును తెలిసికొనుటయే మార్గము.

ఆ స్వభావమును తపాలా కవరు పోలికతో సులభముగా గ్రహింపవచ్చును. కవరు మీద పంపువాని చిరునామాను పంపువాడే వ్రాయును. ఏ ఊరి నుండి బయలుదేరినదో చెప్పు ముద్రను తపాలా కార్యాలయము వేయును. చిరునామా అబద్ధమైనను ముద్ర నిజము చెప్పును. పాత ఎక్స్ఛేంజీ ముద్ర వేయునట్టిది. ఇంటర్నెట్టు నుండి సాధారణ ఫోను వ్యవస్థలోనికి వచ్చు పిలుపులో, చూపవలసిన నంబరును పిలుచువాని సాఫ్టువేరే వ్రాసి పంపును. నడుమనున్న కంపెనీలు దానిని పరీక్షింపకున్నచో, విదేశము నుండి వచ్చిన పిలుపు కూడ ఢిల్లీ నంబరుగా, లేక ఒక ప్రభుత్వ కార్యాలయపు నంబరుగా తెర మీద కనబడును. మఱియొక ఉపాయము సిమ్ బాక్సు. పదుల కొలది సిమ్ కార్డులు అమర్చిన ఒక పెట్టెను ఏదో అద్దెగదిలో పెట్టి, విదేశము నుండి ఇంటర్నెట్టుపై వచ్చిన మాటను ఆ కార్డుల ద్వారా స్థానికమైన పిలుపుగా వెలువరింతురు. వాట్సాప్ వంటి వానిలో నంబరు పక్కన పోలీసు చిహ్నము నుంచుటకు ఎవరి యనుమతియు అక్కఱలేదు. ఇట్లు చిరునామా మిగిలెను, ముద్ర చెరిగిపోయెను.

మోసము పరిశ్రమ యగుట

పిలుపు వెల తగ్గుటతో మోసము ఒక కార్ఖానా పనివలె సాగజొచ్చెను. ఇందు మన దేశము బాధితదేశము మాత్రమే కాదని చరిత్ర చెప్పుచున్నది. 2016 అక్టోబరులో మహారాష్ట్రలోని ఠాణే సమీపమున మీరా రోడ్డులో పోలీసులు కొన్ని కాల్ సెంటర్లపై దాడి చేసిరి. అందలి యువకులు ఇంటర్నెట్టు ఫోనులపై అమెరికా ప్రజలను పిలిచి, తాము అమెరికా ఆదాయపు పన్ను అధికారులమని, పన్ను బాకీ చెల్లింపనిచో అరెస్టు తప్పదని బెదరించుచుండిరి. అదే నెలలో అమెరికా న్యాయశాఖ ఇట్టి మోసములకై అహమ్మదాబాదులోని ఐదు కాల్ సెంటర్లతో సహా 61 మంది వ్యక్తుల, సంస్థల మీద నేరారోపణ చేసెను. ప్రభుత్వోద్యోగి గొంతును ధరించి భయపెట్టు విద్య అప్పటికే ఒక పాఠముగా వ్రాయబడి, వల్లింపబడుచుండెను.

తరువాతి ఘట్టము ఆగ్నేయాసియాలో నడచినది. మయన్మారులో కనీసము 1,20,000 మందిని, కంబోడియాలో సుమారు 1,00,000 మందిని బలవంతముగా ఇట్టి మోసపు పనులలో నుంచియుందురని ఐక్యరాజ్యసమితి మానవహక్కుల కార్యాలయము 2023 ఆగస్టులో అంచనా వేసెను. ఈ నిర్బంధితులలో తెలుగు యువకులును ఉండిరి. కంప్యూటరు ఉద్యోగమని ఏజెంట్లు చెప్పిన మాట నమ్మి పోయిన వారి పాసుపోర్టులను లాగికొని, స్వదేశీయులనే వంచించు పనిలో పెట్టిరి. 2024 మే నెలలో విశాఖపట్నం పోలీసుల దర్యాప్తు వలన ఈ వ్యవహారము వెలుగులోనికి వచ్చెను. ఆ నెలలోనే కంబోడియాలోని సిహనౌక్‌విల్‌లో భారతీయులు తిరుగబడగా, భారత రాయబార కార్యాలయము 60 మందిని విడిపించెను. కావున ఫోనులో బెదరించుచున్న గొంతు కొన్ని వేళల మఱియొక మోసమునకు బలియైన బిడ్డదే కావచ్చును. విదేశోద్యోగమని చెప్పు ఏజెంటును విచారించుట కూడ ఫోను మోసమును అడ్డగించుటలో ఒక భాగమే.

“డిజిటల్ అరెస్టు”

మన దేశములో ఈ పన్నుగడ “డిజిటల్ అరెస్టు” అను పేర ప్రబలినది. మొదటి పిలుపు కొరియరు కంపెనీ నుండి వచ్చినట్లుండును: “మీ పేర విదేశమునకు పంపిన పార్సెలులో మత్తుపదార్థములు దొరకినవి.” లేదా “మీ ఆధారుతో తీసిన నంబరు నేరములలో వాడబడినది. రెండు గంటలలో మీ ఫోను ఆగిపోవును.” ఆ పిదప పిలుపును “అధికారికి” కలుపుదురు. వీడియోలో ఖాకీ దుస్తులు, గోడమీద చిహ్నము, వెనుక వైర్‌లెస్ చప్పుడు. కస్టమ్సు, సి.బి.ఐ., రిజర్వు బ్యాంకు, ఎన్‌ఫోర్సుమెంటు - ఇట్లు ఒక్కొక్క కార్యాలయము పేరు వచ్చును. ముద్రలతో కూడిన ఉత్తరువు నొకదానిని పంపుదురు. తలుపు మూసికొమ్మని, కెమెరా ఆర్పవద్దని, భార్యతోగాని బిడ్డలతోగాని చెప్పినచో వారును నేరములో ఇఱుకుకొందురని బెదరింతురు. చివరకు “పరిశీలన” కొఱకు సొమ్మంతయు ఒక ఖాతాకు పంపుమని, నిర్దోషియని తేలిన వెంటనే తిరిగి వచ్చునని నమ్మింతురు. గొంతు, తొందర, ఏకాంతము, వేషము - నాలుగును వరుసగా వచ్చినవి.

2024 జనవరి మొదలు ఏప్రిలు వఱకు నాలుగు నెలలలోనే ఈ ఒక్క విధమైన మోసమున ప్రజలు 120 కోట్ల 30 లక్షల రూపాయలు కోల్పోయినట్లు కేంద్ర హోంశాఖ లెక్కలు తెలిపినవి. బాధితులు చదువురానివారు కారు. అదే యేడు ఆగస్టులో లూధియానాకు చెందిన వస్త్ర పరిశ్రమాధిపతి, పద్మభూషణ్ ఎస్.పి. ఓస్వాల్ గారిని స్కైప్ కెమెరా ముందు నిర్బంధించి, సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి యెదుట విచారణ జరుగుచున్నట్లు నటించి, 7 కోట్ల రూపాయలు కాజేసిరి. వెంటనే ఫిర్యాదు చేయుటవలన అందు 5 కోట్ల 25 లక్షలు తిరిగి దక్కినవి. ఇక్కడ ఓడిపోవునది తెలివి కాదు. చట్టమునకు లోబడి బ్రతికినవానికి చట్టము పేరు విన్నంతనే కలుగు వెఱపును మోసగాడు వాడుకొనుచున్నాడు. జీవితమంతయు పై యధికారి మాటను పాటించిన పింఛనుదారుడు ఇందు సులభముగా చిక్కుకొనుటకు కారణమిదే.

ముద్రను తిరిగి వేయుట

చెరిగిపోయిన ముద్రను తిరిగి వేయు యత్నములు అన్ని దేశములలోను జరుగుచున్నవి. అమెరికాలో 2019లో చేసిన చట్టము ననుసరించి, 2021 జూన్ 30 నుండి పెద్ద ఫోను కంపెనీలు ఇంటర్నెట్టు పద్ధతిపై నడచు తమ జాలములలో ప్రతి పిలుపునకును ఎలక్ట్రానిక్ సంతకము చేయవలసి వచ్చెను. మన టెలికాం శాఖ 2024 అక్టోబరు 22న, విదేశము నుండి వచ్చుచు భారతీయ నంబరును చూపు దొంగపిలుపులను అడ్డగించు ఏర్పాటును ప్రారంభించెను. మొదటి ఇరువదినాలుగు గంటలలో అది 1 కోటి 35 లక్షల పిలుపులను పట్టి ఆపినది. అనుమానపు పిలుపులను గూర్చి తెలుపుటకు సంచార్ సాథీలో “చక్షు” అను వసతి 2024 మార్చిలో ఏర్పడినది. బ్యాంకులు మొదలగు సంస్థలు ఖాతాదారులను పిలుచుటకై 1600తో మొదలగు ప్రత్యేక నంబర్ల వరుసను అదే యేడు కేటాయించిరి. హర్యానాలోని అంబాలాకు చెందిన వృద్ధదంపతులు తమకు జరిగిన మోసమును వ్రాసి పంపగా, 2025 అక్టోబరులో సుప్రీంకోర్టు స్వయముగా విషయమును చేపట్టి, డిసెంబరు 1న ఇట్టి కేసుల దర్యాప్తును సి.బి.ఐ.కి అప్పగించెను.

ఇవన్నియు మేలైన పనులే. అయినను వాట్సాప్ వంటి వానిలోని పిలుపు ఫోను కంపెనీల ద్వారము గుండ రాదు కావున, ఆ ద్వారమున నిలిపిన కావలి దానిని ఆపజాలదు. పైగా 1971లో గొంతును అనుకరించుటకు నేర్పు కావలసివచ్చెను. నేడు కొద్దిపాటి మాట దొరకినచో యంత్రమే బిడ్డ గొంతును, మేనమామ గొంతును పుట్టించగలదు. కావున చివరి కావలి ఇంటిలోనే ఉండవలెను.

ప్రభుత్వము మాటాడు తీరు

ఆ కావలికి కావలసిన జ్ఞానము ప్రభుత్వోద్యోగుల ఇండ్లలో పుట్టుకతోనే యున్నది. ప్రభుత్వము కాగితము మీద మాటాడును. ఫైలు లేనిదే ఉత్తరువు లేదు. నంబరు, తేది, సంతకము లేనిదే నోటీసు లేదు. ఆదాయపు పన్ను శాఖ 2019 అక్టోబరు 1 నుండి తన ఉత్తరువులన్నిటికిని ప్రత్యేక గుర్తింపు సంఖ్య నుంచుచున్నది. ఆ సంఖ్య నిజమైనదో కాదో ఎవరైనను సరిచూచుకొనవచ్చును. రాజ్యాంగములోని 22వ అధికరణము ప్రకారము అరెస్టయిన వానిని ప్రయాణకాలము గాక ఇరువదినాలుగు గంటలలో మేజిస్ట్రేటు ఎదుట నిలుపవలెను. డి.కె. బసు కేసులో 1996లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారము అరెస్టునకు సాక్షి సంతకముతో కాగితము వ్రాయవలెను, బంధువులకో మిత్రులకో తెలుపవలెను. విచారణకు రమ్మను నోటీసును పోలీసులు వాట్సాప్ ద్వారా ఇచ్చుట చెల్లదని 2025 జనవరిలో ఆ న్యాయస్థానమే చెప్పెను. అనగా చట్టము అరెస్టును పదిమందికి తెలియు కార్యముగా నుంచినది; మోసగాడు దానిని ఎవరికిని తెలియరాని రహస్యముగా చేయగోరుచున్నాడు. బంధువులకు తెలుపవలెనన్నది చట్టము, తెలుపవద్దన్నది దొంగతనము. ఈ ఒక్క భేదమును గుర్తించిన చాలును.

కావున ఇట్టి పిలుపు వచ్చినప్పుడు చేయవలసినది అల్పమే. వాదింపక, సంజాయిషీ చెప్పక, ఫోను పెట్టివేయవలెను. పెట్టివేయుట నేరము కాదు. ఇంటిలో ఎవరికైనను వెంటనే చెప్పవలెను. ఆ కార్యాలయముతో నిజముగా పనియున్నదని తోచినచో, వారిచ్చిన నంబరును గాక, ముద్రితమైన డైరెక్టరీలోనో, ఆ శాఖ అధికారిక ప్రకటనలోనో ఉన్న నంబరును చూచి తానుగా పిలువవలెను. ఆపదలో ఉన్నానని బిడ్డ గొంతు వినబడినను, ఆ బిడ్డ పాత నంబరునకు మరల పిలిచి చూడవలెను. సొమ్ము పోయినచో ఒక్క నిముసమైనను ఆలసింపక 1930 నంబరునకు ఫోను చేయవలెను. 2021లో నెలకొల్పిన ఈ ఏర్పాటు ద్వారా, దొంగలు డబ్బును ఖాతా నుండి ఖాతాకు మార్చుకొనుటకు ముందే బ్యాంకులు దానిని నిలిపివేయుటకు వీలగును. నంబరు, సందేశములు, చెల్లింపు రసీదు - ఇవి సాక్ష్యములు కావున చెరిపివేయరాదు.

అన్నిటికంటె ముఖ్యము సిగ్గును విడుచుట. పెద్దవాడనై మోసపోయితినే అను బాధతో ఎందఱో ఇంటివారికిని చెప్పక మూగపోవుదురు. ఆ మౌనమే దొంగకు గడువిచ్చును. అందుచేత ఇంటి చిన్నవారు పెద్దలను ఎగతాళి చేయరాదు. “మీకు జరిగినది ప్రధానమంత్రి పేరు చెప్పి బ్యాంకునే వంచించినట్టి విద్య” అని ధైర్యము చెప్పవలెను. స్వస్థలములలో ఒంటరిగా నున్న తలిదండ్రులకు ఢిల్లీ కార్యాలయములలో పనిచేయు బిడ్డలు ఒక్కమాట ముందుగా చెప్పియుంచుట మంచిది: “మా ఆఫీసు పేరు చెప్పి ఎవరైనను భయపెట్టినచో, ముందు నాకు ఫోను చేయుడు.” నాడు ఎక్స్ఛేంజీలోని ఆపరేటరు పిలుపునకు సాక్షిగా నుండెను. నేడు ఆ సాక్షిపదవి కుటుంబమునకు సంక్రమించినది.